ఎలా వచ్చింది?

రక్తం ఇచ్చిన పదహారో రోజు ఫోనొచ్చింది. ఆఫీసు కెఫెటీరియాలో పెట్టిన రక్తదాన శిబిరంలో అందరితో పాటు నేనూ వరసలో నిలబడి ఇచ్చాను. ఒక బిస్కెట్ ప్యాకెట్టు, ఒక జ్యూస్ డబ్బా, పేరు తప్పుగా రాసిన ఒక సర్టిఫికెట్టు ఇచ్చారు. అంతటితో మర్చిపోయాను. ఫోన్లో అమ్మాయి గొంతు చాలా మర్యాదగా ఉంది. "మేడమ్, మీరు ఒకసారి రావాలి. ఫోన్లో చెప్పకూడదు" అంది.

ఫోన్లో చెప్పకూడనిదేదో అప్పటికే సగం చెప్పేసినట్టే కదా.

అది హెపటైటిస్ బి. దానం చేసిన ప్రతి సీసా రక్తాన్నీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా ఉన్నాయేమోనని పరీక్షించాలనేది మన దేశంలో నిబంధన. అలా బయటపడింది. లేకపోతే నాకు తెలిసే అవకాశమే లేదు. జ్వరం లేదు, నీరసం లేదు, కళ్ళు పచ్చబడలేదు. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుంది" అనే సామెతని చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు విన్నానో. నాకు లోకం ఎప్పట్లాగే మామూలు రంగులోనే కనిపించింది. ఆ రోజు నుంచి లోకమే నన్ను వేరే రంగులో చూడటం మొదలుపెట్టింది.

కౌన్సెలర్ పెద్దావిడ. ఒక ఫారం ముందు పెట్టుకుని అడుగుతోంది. ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా? రక్తం ఎక్కించుకున్నారా? టాటూ ఉందా? పెళ్ళయిందా? తర్వాతి ప్రశ్నకి ముందు ఒక్క క్షణం ఆగింది. నా మొహం వైపు చూడకుండా ఫారం వైపు చూస్తూ అడిగింది. ఆవిడ ఎంత సున్నితంగా అడిగిందో నాకిప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆ ఒక్క క్షణం ఆగడం దగ్గరే నా మెదడు ఆగిపోయింది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎలా వచ్చిందే నీకు?" అంది.

ఈ నాలుగేళ్ళలో ఆ మాట ఎంతమంది నోట విన్నానో లెక్క లేదు. డాక్టర్లు, చుట్టాలు, ఒక స్నేహితురాలు, నన్ను చూడటానికొచ్చిన ఒకబ్బాయి, ఆ అబ్బాయి మేనత్త. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

*

ముందు విషయం చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడ కలగాపులగం చేస్తారు. మనం పచ్చకామెర్లు అని ఒకే పేరు పెట్టి పిలిచేవాటి వెనక చాలా కారణాలున్నాయి, వాటిలో వేరు వేరు వైరస్‌లూ ఉన్నాయి. ఎ, ఇ అనేవి కలుషితమైన నీళ్ళ ద్వారా, తిండి ద్వారా వస్తాయి. ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. మన ఊళ్ళలో పసరు మందుకీ, మణికట్టు మీద పెట్టే వాతకీ అంత పేరు రావడానికి కారణం ఇదే. పోయే రోగం పోయింది, పేరు పసరుకొచ్చింది.

బి, సి అలా కాదు. అవి రక్తం ద్వారా, శరీర ద్రవాల ద్వారా వస్తాయి. ఒకే కంచంలో తింటే, ఒకే గ్లాసులో తాగితే, కౌగిలించుకుంటే, పక్కన పడుకుంటే హెపటైటిస్ బి రాదు. సరిగా శుభ్రం చెయ్యని సూదితో వస్తుంది, ఒకరి గడ్డం గీసిన బ్లేడు ఇంకొకరికి వాడితే రావచ్చు, రక్షణ లేని లైంగిక సంబంధంతో వస్తుంది, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. ఎండిపోయిన రక్తపు చుక్కలో కూడా ఈ వైరస్ కనీసం వారం రోజులు బతుకుతుంది.

ఇందులో ఒక క్రూరమైన లెక్క ఉంది. పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే నూటికి తొంభై అయిదు మంది దాన్ని తమంతట తామే వదిలించుకుంటారు. అప్పుడే పుట్టిన బిడ్డకి సోకితే మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పసి శరీరం ఆ వైరస్‌ని శత్రువుగా గుర్తుపట్టదు. ఇరవై, ముప్ఫై ఏళ్ళు చప్పుడు చెయ్యకుండా ఉండి కొందరిలో కాలేయాన్ని గట్టిపరుస్తుంది, కొందరిలో క్యాన్సర్ తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 25 కోట్ల 40 లక్షల మందికి హెపటైటిస్ బి ఉంది. మన దేశంలోనే దాదాపు 2 కోట్ల 98 లక్షల మంది. ప్రపంచం మొత్తం మీద ఆ వ్యాధి ఉన్నట్టు పరీక్షలో తెలుసుకున్నవాళ్ళు నూటికి 13 మంది. మిగతావాళ్ళు నేను రక్తం ఇవ్వడానికి ముందు ఎలా ఉన్నానో అలాగే ఉన్నారు.

అంటే "ఎలా వచ్చింది" అని నన్ను అడిగినవాళ్ళలో కూడా కొందరికి ఉండొచ్చు. పరీక్ష చేయించుకోలేదు కాబట్టి అడిగే వైపు ఉన్నారు.

*

డాక్టరు ఇంట్లో అందరికీ పరీక్ష చేయించమన్నారు. నాన్నకి లేదు. అన్నయ్యకి లేదు. అమ్మకి ఉంది.

ఆ కాగితం చూసినప్పుడు నాకు మొదట కలిగిన భావం ఏమిటో నిజాయితీగా చెప్పాలి. హాయిగా అనిపించింది. అమ్మకి జబ్బుందన్న బాధ తర్వాత వచ్చింది. ముందు మాత్రం, హమ్మయ్య, ఇది నా వల్ల కాదు, నేనేమీ చెయ్యలేదు అన్న ఊరట. కౌన్సెలర్ ఆగిన ఆ ఒక్క క్షణానికి నా దగ్గర ఇప్పుడు సమాధానం ఉంది. ల్యాబు ముద్ర వేసిన సమాధానం.

అమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. "అయితే నేనే ఇచ్చానా నీకు" అంది. తర్వాత ఇంకేం అనలేదు. నేను నిర్దోషినని తేలిన రోజునే అమ్మ ముద్దాయి అయింది. అదీ నా కళ్ళ ముందే. నేను ఒక్క మాటా అడ్డు చెప్పలేదు.

నేను పుట్టింది 1993లో, గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో. హెపటైటిస్ బి టీకా అప్పటికే లోకంలో ఉంది. విదేశాల నుంచి వచ్చేది, డోసు వందల రూపాయలు. మా ఊళ్ళో దాని పేరు విన్నవాళ్ళే లేరు. 1997లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాద్‌లో ఆ టీకా తయారుచేసి యాభై రూపాయలకి అమ్మడం మొదలుపెట్టింది. ఆ తర్వాత దశల వారీగా ప్రభుత్వ టీకాల పట్టికలోకి వచ్చి 2011 నాటికి దేశమంతా చేరింది. ఇప్పుడు ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకి ఇరవైనాలుగు గంటల్లోపే తొడకి ఆ సూది వేస్తారు. నా మేనకోడలికి వేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పిల్ల ఒక నిమిషం ఏడ్చి ఊరుకుంది. నాకూ దానికీ తేడా ఆ ఒక్క నిమిషం ఏడుపు. నేను కొన్నేళ్ళు ముందు పుట్టాను, అంతే.

*

తెలుగులో "అంటు" అనే మాట చూడండి. అంటువ్యాధి అంటాం. తిన్న కంచాల్ని అంట్లు అంటాం. అంటరానితనం అంటాం. ఒక ముట్టుకోవడం అనే పనిలోంచి రోగాన్నీ, మురికినీ, కులాన్నీ కలిపి తీశాం. ఈ మాటలు ఒకే ఇంట్లో పెరిగినవి కాబట్టి ఒకదాన్ని పిలిస్తే ఇంకొకటి పలుకుతుంది. అప్పట్లో నేనున్న హాస్టల్లో విషయం తెలిసిన వారానికి నా గ్లాసు విడిగా కనిపించింది. ఎవరూ ఏమీ అనలేదు. గ్లాసు మాత్రం అటక మీద చివర్న, ఒంటరిగా ఉంది. రెండు గ్లాసుల పద్ధతి గురించి పుస్తకాల్లో చదివి కన్నీళ్ళు పెట్టుకున్నదాన్ని నేను. తరతరాల దానికీ నా వారం రోజుల అవమానానికీ పోలిక తేవడం తప్పు. హాస్టల్ మారితే నాది తీరిపోయింది. కానీ ఆ గ్లాసు అక్కడికి ఏ దారిలో నడిచొచ్చిందో మాత్రం నాకు తెలిసింది. దానికి వైద్యశాస్త్రంతో ఏ సంబంధమూ లేదు. తెలిసిన అలవాటు, కొత్త కారణం దొరికింది.

రోగికి జాలి దొరకాలంటే ముందు మంచి కథ ఉండాలి. అమితాబ్ బచ్చన్ కథ అందరికీ తెలుసు. 1982లో 'కూలీ' షూటింగులో దెబ్బ తగిలి చావుదాకా వెళ్ళాడు. దాదాపు రెండొందల మంది రక్తం ఇచ్చారు. అందులో ఒకరి రక్తంలో హెపటైటిస్ బి ఉంది. చాలా ఏళ్ళ తర్వాత కాలేయం డెబ్భై అయిదు శాతం పాడయ్యాక గానీ అది తెలియలేదు. ఆయనే బయటికొచ్చి ఈ విషయం చెప్పుకున్నాడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ప్రచారం చేశాడు. ఆయనంత పేరున్న మనిషి అలా చెప్పడం వల్ల నాలాంటివాళ్ళకి మేలే జరిగింది. అయినా ఒక సందేహం. ఆ "ఎలా"కి సమాధానం రక్తం ఎక్కించడం కాక ఇంకేదైనా అయ్యుంటే మనం అంతే ప్రేమగా వినేవాళ్ళమా? వైరస్ అదే, కాలేయం అదే, నొప్పి అదే.

ఇంకో సంగతి. ఆ రెండొందల మందిలో ఆ ఒక్కరు ఎవరు? ఆయన ప్రాణం నిలబెట్టడానికి చొక్కా చెయ్యి పైకి మడిచి పడుకున్న మనిషే ఆయనకి రోగమూ ఇచ్చాడు. తనకి ఆ సంగతి తెలీదు. బహుశా ఎప్పటికీ తెలిసుండదు. "ఎలా వచ్చింది" అని తవ్వుకుంటూ పోతే దొరికేది ఆ మనిషి. అతన్నేం చేద్దాం?

*

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, అయితే ఎవరికీ ఏ బాధ్యతా లేదా అని. ఉంది. దాన్ని తేలిగ్గా తీసేసే హక్కు నాకు లేదు.

న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి ఉండేది. ఐర్లండ్ నుంచి వలస వచ్చింది. ఆమె పనిచేసిన ఇళ్ళలో టైఫాయిడ్ వచ్చేది, ఆమెకి మాత్రం ఏమీ ఉండేది కాదు. ఒంట్లో రోగమున్నా లక్షణాల్లేని మనుషులుంటారని అప్పుడప్పుడే తెలుస్తోంది. 1907లో పట్టుకెళ్ళి ఒక దీవిలో ఉంచారు. 1910లో ఇక వంట చెయ్యనని మాటిచ్చాక వదిలారు. బట్టలుతికే పని చేసింది, వంటకొచ్చినంత జీతం రాలేదు. పేరు మార్చుకుని మళ్ళీ వంటలో చేరింది. 1915లో ఒక ప్రసూతి ఆస్పత్రిలో పాతికమందికి టైఫాయిడ్ వచ్చి, ఇద్దరు చనిపోయాక మళ్ళీ దొరికింది. 1938లో చచ్చిపోయేదాకా ఆ దీవిలోనే ఉంది.

1907కి ముందు మేరీ దోషి కాదు. ఆమెకి తెలీదు. 1910 తర్వాత ఆమెకి చెప్పారు, ఆమె నమ్మలేదు, మాట తప్పింది, మనుషులు పోయారు. అక్కడ నేను ఆమెని వెనకేసుకు రాలేను. తెలియడం అనేది మనిషి మీద బరువు పెడుతుంది. నాకూ పెట్టింది. కానీ అదే నగరంలో ఆమెలాగే లక్షణాల్లేకుండా టైఫాయిడ్ మోస్తున్నవాళ్ళు వందల్లో బయటపడ్డారు, వాళ్ళెవర్నీ అన్నేళ్ళు బంధించలేదు. పెళ్ళి కాని, వలస వచ్చిన, నోరున్న వంటమనిషిని మాత్రమే బంధించారు. వంట మానెయ్యమన్నవాళ్ళు ఆమెకి వంటంత జీతమొచ్చే పని ఇంకొకటి చూపించలేదు. బాధ్యత ఆమె మీద పెట్టారు, దాన్ని మొయ్యడానికి వీలైన బతుకు ఇవ్వలేదు.

మన సుప్రీంకోర్టు ముందుకి ఇలాంటిదే ఒక ప్రశ్న 1998లో వచ్చింది. నాగాలాండ్ డాక్టరు ఒకాయన మద్రాసులో బంధువు ఆపరేషన్ కోసం రక్తం ఇవ్వబోతే హెచ్‌ఐవీ ఉందని తేలింది. ఆ సంగతి పెళ్ళికూతురి వైపు తెలిసి పెళ్ళి ఆగిపోయింది. సొంత ఊరే ఆయన్ని వెలివేసింది. నా రహస్యాన్ని ఆస్పత్రి బయటపెట్టిందని ఆయన కోర్టుకెళ్ళాడు. పెళ్ళి చేసుకోబోయే అమ్మాయికి తన ప్రాణానికున్న ముప్పు తెలుసుకునే హక్కు ఉందని కోర్టు అంది. ఆ అమ్మాయి వైపు నుంచి చూస్తే కాదనడం నావల్ల కాదు. కానీ తెలుసుకోవాల్సింది ఒక్క మనిషి. తెలుసుకున్నది ఊరంతా. ఆ ఒక్కరికీ ఊరికీ మధ్య ఉన్న దూరమే మర్యాద అంటే. తర్వాత 2017లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ మీద వివక్ష చూపకూడదని చట్టం వచ్చింది. హెపటైటిస్‌కి అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

*

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

రెండేళ్ళ కిందట ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మంచివాడనిపించింది. మూడోసారి కలిసినప్పుడు చెప్పేశాను. టీకా వేయించుకుంటే అతనికి ప్రమాదం ఉండదనీ, పిల్లలకి పుట్టగానే టీకాతో పాటు ఇవ్వాల్సిన ఇంజెక్షను ఉందనీ, నా వైరల్ లోడ్ తక్కువేననీ, ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించుకుంటున్నాననీ చెప్పాను. అతను అన్నీ శ్రద్ధగా విన్నాడు. చివరికి అదే ప్రశ్న. "ఏమనుకోవద్దు... ఎలా వచ్చింది?"

"అమ్మ నుంచి" అన్నాను. వెంటనే. తడుముకోకుండా.

ఆ రెండు మాటల్లో నేను ఏం చేశానో అప్పుడు తెలీలేదు. అతను వాళ్ళమ్మకి చెప్పాడు, ఆవిడ ఆడపడుచుకి చెప్పింది. సంబంధం ఎలాగూ నిలవలేదు. నెల తర్వాత మా బాబాయి వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాం. అమ్మ ఎప్పట్లాగే వంటింట్లోకెళ్ళి కత్తిపీట ముందు కూర్చుంది. పిన్ని వచ్చి చాలా ప్రేమగా అమ్మ చేతిలోంచి వంకాయ తీసుకుంది. "నువ్వు లేక్కా, అసలే ఒంట్లో బాగుండట్లేదంట కదా, ముందు గదిలో ఫ్యాను కింద కూర్చో" అంది. ముప్ఫై ఏళ్ళుగా మా ఇళ్ళల్లో ఏ శుభకార్యమైనా గుత్తివంకాయ అమ్మ చెయ్యాల్సిందే. అమ్మ వెళ్ళి ఫ్యాను కింద కూర్చుంది. నా వైపు చూడలేదు.

అబ్బాయికి నా సంగతి చెప్పడం నా బాధ్యత. అది చేశాను. అమ్మ సంగతి చెప్పాల్సిన అవసరం లేదు. అతని ఆరోగ్యానికి దానితో పని లేదు. నేను శుభ్రమైనదాన్నని రుజువు చేసుకోవడానికి అమ్మని సాక్ష్యంగా పెట్టాను. ఆ ప్రశ్న నాకు చేసిన అన్యాయం ఒకటైతే, దానికి జవాబు చెప్పి నేను అమ్మకి చేసిన అన్యాయం ఇంకొకటి. "నాకు అలా రాలేదు" అని చెప్పుకున్న ప్రతిసారీ, అలా వచ్చినవాళ్ళు వేరే రకం మనుషులని కూడా ఒప్పుకుంటున్నట్టే. ఆ సంగతి అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు.

డాక్టర్లు కూడా "ఎలా" అనే అడుగుతారు. ఇంకెవర్ని పరీక్షించాలో, ఏ సూదిని ఆపాలో తెలియడానికి అడుగుతారు. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలే మళ్ళీ వాడటం వల్ల హెపటైటిస్ బి పాకి పదులకొద్దీ జనం చనిపోయినప్పుడు ఆ ప్రశ్న అడిగి తీరాలి. అక్కడ దాని వెనక ఒక పని ఉంది. మా చుట్టాలు అడిగినప్పుడు దాని వెనక చెయ్యాల్సిన పనేమీ లేదు. జాలి పడాలా వద్దా తేల్చుకోవడమే. ప్రశ్నలో మాటలు అవే. జవాబు వచ్చాక అడిగినవాళ్ళు ఏం చేస్తారన్న దాన్ని బట్టి అది ఏ ప్రశ్నో తెలుస్తుంది.

ఒకసారి కాలేయ డాక్టరు దగ్గర వరసలో జగిత్యాల నుంచి వచ్చిన ఒక కుర్రాడు కలిశాడు. గల్ఫ్‌కి వెళ్ళడానికి చేసే మెడికల్‌లో ఇదే తేలి అన్‌ఫిట్ అని రాశారు. ఏజెంటుకి కట్టింది అప్పు తెచ్చిన డబ్బు. అతను నన్ను ఎలా వచ్చిందని అడగలేదు, తనకెలా వచ్చిందో ఆలోచిస్తున్నట్టూ లేడు. "ఇది ఎప్పుడు పోతదక్కా?" అన్నాడు. మందులు అణిచి ఉంచుతాయి గానీ చాలామందిలో పూర్తిగా పోదని చెప్పాల్సొచ్చింది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితమని కూడా చెప్పాను. ఆ రెండోది అతను ఫోన్లో రాసుకున్నాడు.

*

అమ్మ ఇప్పుడు రోజూ రాత్రి ఒక టెనోఫోవిర్ మాత్ర వేసుకుంటుంది. మరి అమ్మకి ఎలా వచ్చింది? చూడండి, నాకూ ఆ ప్రశ్న వదల్లేదు.

చిన్నప్పుడు ఊళ్ళో ఆరెంపీ డాక్టరు ఒకే సిరంజిని స్టీలు డబ్బాలో వేడినీళ్ళలో ముంచి అందరికీ వేసేవాడు. అర్ధరాత్రి తలుపు కొడితే లాంతరు పట్టుకుని వచ్చేది కూడా ఆయనొక్కడే. లేదా అన్నయ్య కాన్పులో అమ్మకి రక్తం ఎక్కించారు. ఆ రక్తం ఇచ్చింది మా పెద్ద మావయ్య. రాత్రికి రాత్రి సైకిలు తొక్కుకుంటూ పట్నం వెళ్ళి ఇచ్చాడట. ఆయన యాభై రెండో ఏట కాలేయం చెడి పోయాడు. ఊరంతా తాగి చచ్చాడంది. తాగేవాడు, నిజమే. ఊళ్ళో చాలామంది తాగినంతే. వాళ్ళలో చాలామంది ఇంకా ఉన్నారు.

అన్నయ్యకి లేకపోవడం, ఆ తర్వాత పుట్టిన నాకు ఉండటం, మావయ్య కాలేయం. మూడూ పక్కపక్కన పెడితే ఒక కథ తయారవుతుంది. తయారవ్వాలని నా మనసు తహతహలాడుతుంది కూడా. కానీ పరీక్షించడానికి మావయ్య రక్తం ఇప్పుడు లేదు. ఉన్నది అమ్మ ఒంట్లోనే.

ఇది రాసే ముందు అమ్మని అడిగాను. ఈసారి అడిగాను. రాసింది ఫోన్లో చదివి వినిపించాను. గృహప్రవేశం దగ్గర "పిన్ని పాపం మంచిదేనే" అంది. నా రెండు మాటల దగ్గర ఏమీ అనలేదు. అంతా అయ్యాక ఒక్క షరతు పెట్టింది.

"మావయ్య రక్తం ఇచ్చాడని రాయి. రోగం ఇచ్చాడని రాయకు."